రక్తం కోసం హుమ్మకు రెండోసారి

బరంపురం వెళ్ళొచ్చినవాళ్ళు అప్పడాలు తెస్తారు, పచ్చళ్ళు తెస్తారు, చేతిలో నాలుగు డబ్బులాడేవాళ్ళు పట్టుచీర తెస్తారు. నేను రక్తం తెచ్చాను. "అప్పడాలేవీ?" అని అడిగిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి మొదటినుంచీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకని ఒకేసారి రాసి పడేద్దామని కూర్చున్నాను.

ముందు నా పనేమిటో చెప్పాలి. రక్తంలో ఎర్రకణాలతోపాటు ఒంటికి కాపలా కాసే తెల్లకణాలుంటాయి. వాటిలో బోలెడు రకాలు. అన్నింట్లోనూ ఉన్న జన్యువులు అవే. కానీ ఒక రకం కణంలో కొన్ని జన్యువులు పనిచేస్తుంటాయి, ఇంకో రకంలో అవే జన్యువులు ఊరుకుంటాయి. ఒక్కొక్క కణాన్నీ విడివిడిగా చూసి, ఎందులో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో పటం గీయడం హైదరాబాదులో మా బృందం పని. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా, జబ్బు చేసినప్పుడు ఏం మారిందో తెలిసేది. అయితే మా దగ్గర అప్పటిదాకా ఉన్న రక్తమంతా పట్నంవాళ్ళది, నీడపట్టున కూర్చుని పనిచేసేవాళ్ళది. ఎండలో, పొలంలో, ఉప్పులో పనిచేసేవాళ్ళు ఆ పటంలో లేరు. అందుకే ఒడిశాలో బరంపురం చుట్టూ ఉన్న గంజాం జిల్లా.

ఈ పనిలో నా ప్రాణం తీసే విషయం ఒకటుంది. సూదిలోంచి గొట్టంలోకి వచ్చిన కణాలు చచ్చిపోవు. బతికే ఉంటాయి, కంగారు పడుతుంటాయి. ఎండ తగిలితే ఒకలా, చలి తగిలితే ఇంకోలా మారిపోతాయి. కొద్ది గంటల్లో వాటిని వేరుచెయ్యకపోతే మా పటంలో మనిషి బదులు ఆ మనిషి రక్తం చేసిన ప్రయాణం కనిపిస్తుంది. నాకు అసలే ప్రతిదానికీ భయం. గ్యాస్ కట్టేశానా లేదా అని సగం మెట్లు దిగి మళ్ళీ ఎక్కే రకాన్ని. అలాంటిదాన్ని ఈ పనికి పంపారు.

బరంపురం

స్టేషన్ బయట దండాసి ఎదురొచ్చాడు. గిరిసోల మనిషి, నలభై దాటినవాడు, సొంత వ్యాను. మామూలు రోజుల్లో రంభ నుంచి చిలికా రొయ్యలు బరంపురం బజారుకి తోలుతుంటాడు. ఆ వారం నాకు కుదిరాడు. వ్యానులో కూర్చోగానే రొయ్యల వాసన కప్పేసింది. నిన్న మూడుసార్లు కడిగానని ఒట్టేశాడు.

నాకంటే ముందే పార్సెల్లో వచ్చిన నీలం డ్రమ్ము ఒకటుంది. వేరుచేసిన కణాల్ని ద్రవ నత్రజని చలిలో గడ్డకట్టించి హైదరాబాదు తీసుకెళ్ళడానికది. దారిలో పాడైందేమోనన్న భయంతో అక్కడికక్కడే మూత తీశాను. బుస్సుమని తెల్లటి పొగ పైకి లేచింది. దండాసి ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

"ఓలమ్మో! ఏటి మేడమ్ అది, పొగలు కక్కీస్తంది?"

"చలి. రక్తంలోంచి తీసిన కణాలు ఇందులోనే రావాలి."

"అలగా! సలవగా ఉంచాలన్నమాట," అన్నాడు. నేను డ్రమ్ము అంచు చూసుకునే హడావిడిలో ఊఁ కొట్టాను.

ఆకలేస్తోందంటే పాతబజారులో ఒక హోటలుకి తీసుకెళ్ళాడు. మా గుంటూరులో ఉప్మాలోకి అల్లం పచ్చడో, మరీ దిక్కులేకపోతే పంచదారో వేసుకుంటాం. అక్కడ ఉప్మా మీద వేడివేడిగా బఠాణీల కూర గుమ్మరించారు. దాన్ని ఘుగుని అంటారు. పక్కన రెండు గారెలు. అంతా కలిపి ముప్పై రూపాయలు. మొదటి ముద్దకి అనుమానపడ్డాను, మూడో ముద్దకి ఇంకో గరిటె అడిగాను. పక్క బల్లమీద ఇద్దరు ఒడియాలో మొదలుపెట్టిన మాట తెలుగులో ముగించి, బిల్లు దగ్గర మళ్ళీ ఒడియాలో పోట్లాడుకున్నారు. ఎవరూ తలెత్తి చూడలేదు.

అంకులి

నేను దిగింది బరంపురం శివార్లలో, అంకులిలో, కామేశ్వరిగారింట్లో. కాలేజీలో జీవశాస్త్రం చెబుతారు. నాలుగు తరాలుగా బరంపురంలోనే ఉన్న కుటుంబం. వాళ్ళ కాలేజీ ప్రయోగశాలలో ఓ గది, రక్తాన్ని గిర్రున తిప్పే యంత్రం ఒకటి నాకు ఇప్పించింది ఆవిడే. నేను వెళ్ళగానే యంత్రం చూపించమన్నాను.

"ముందు కాళ్ళు కడుక్కో సుధా. యంత్రం ఎక్కడికీ ఎల్లిపోదు," అన్నారు.

కరెంటు పోతే ఏంటి గతి అని అడిగాను. జనరేటరుందన్నారు. జనరేటరులో డీజిలుందా అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, బడియాలు, అంటే అక్కడి వడియాలు, వేసి వండిన కూర వడ్డించారు. తిన్నంతసేపూ నోరు మూసుకున్నాను.

గిరిసోల

మర్నాడు గురువారం. గిరిసోలలో రైతు కుటుంబాలు నాలుగు రక్తమివ్వడానికి ఒప్పుకున్నాయి. ఊరు సరిగ్గా పొలిమేరమీదుంది. ఇటు రెండడుగులు వేస్తే ఇచ్ఛాపురం, ఆంధ్రా. అటు ఒడిశా. నేను చాప పరిచి, గొట్టాలు వరసగా పెట్టి, చేతులు కడుక్కుని కూర్చున్నాక, ఆ ఇంటి పెద్దావిడ గడపమీద అడ్డంగా నిలబడింది.

"లచ్చివారం పూట ఇంట్లోంచి ఏటీ బయటికియ్యం తల్లీ. ఉప్పియ్యం, నిప్పియ్యం. రగతం ఎలగిస్తావు?"

రేపు రానా అన్నాను. శుక్రవారం అసలే ఇవ్వరట. శనివారం సూది ముట్టుకోరట. వారం మొత్తం ఇలాగే గడిచేలా ఉంది. నా మొహం చూసి ఆవిడకే జాలేసినట్టుంది. కాసేపు తమలపాకు నమిలి, తీర్పు చెప్పేసింది.

"ఇంట్లోంచి ఇయ్యం గానీ, మా రగతం మా ఒంట్లోనే ఎట్టుకోని రోడ్డుకాడికొత్తాం. అక్కడ తీసుకో. అప్పుడు లచ్చిమికేటీ కోపం రాదు."

అలా గిరిసోల రైతుల రక్తం హైవే పక్కన మూసిన కిరాణా కొట్టు అరుగుమీద తీశాను. లారీ పోయినప్పుడల్లా దుమ్ము పడకుండా దండాసి తువ్వాలు అడ్డం పట్టుకున్నాడు. నేను మాట్లాడుతుంటే ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. ఎందుకని అడిగితే, "టీవీలో వార్తలు సదివినట్టు మాటాడతన్నావు" అన్నారు. రక్తమిచ్చినవాళ్ళతోపాటు నాకూ నీళ్ళన్నం పెట్టారు. మన తరవాణి అన్నమే. వీళ్ళు పఖాళ అంటారు, పెరుగు చుక్క, వేయించిన వడియాల పొడి వేస్తారు. ఎండలో అది కడుపులోకి దిగుతుంటే కాసేపు భయం కూడా మర్చిపోయాను.

సాయంత్రం కాలేజీలో యంత్రం తిప్పాం. ఒక ద్రవం మీద రక్తం మెల్లిగా పోసి తిప్పితే ఎర్రకణాలు అడుక్కి పోతాయి. మధ్యలో మనకు కావలసిన తెల్లకణాలు పల్చటి పొరలా నిలబడతాయి, కాచిన పాలమీద అప్పుడే కట్టబోతున్న మీగడలాగ. గొట్టం దీపం ముందు పట్టుకుంటే ఆ పొర స్పష్టంగా కనిపించింది. కామేశ్వరిగారు చప్పట్లు కొట్టారు. కరెంటు కూడా పోలేదు. అంతా ఇంత సవ్యంగా జరిగేసరికి నాకు కొత్త దిగులు పట్టుకుంది.

హుమ్మ

బరంపురం నుంచి ఛత్రపురం, గంజాం దాటి రంభవైపు పోతుంటే రోడ్డుపక్కన హుమ్మ. అక్కణ్ణుంచి ఉప్పుమళ్ళు. గట్లు వేసిన మడుల్లో ఉప్పునీరు ఎండకి ఆరి, తెల్లగా పేరుకుంటుంది. పొడుగాటి కర్రపారలతో దాన్ని లాగి కుప్పలు పోస్తారు. ఎండ పైనుంచి ఒకటి, ఉప్పులోంచి ఒకటి, రెండు ఎండలు. నల్లకళ్ళజోడు పెట్టుకున్న నాకే కళ్ళు మండాయి. వాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నన్ను చూస్తున్నారు.

అక్కడ పనిచేసే తెలుగు కుటుంబాలకి పెద్దదిక్కు నీలమ్మ. యాభై దాటి ఉంటాయి. ఇచ్ఛాపురం వైపు నుంచి పెళ్ళై వచ్చిందట. కాళ్ళు ఉప్పుకి బీటలువారి ఉన్నాయి. ఎవరూ ముందుకి రావడం లేదు. నీలమ్మ గట్టుమీద కూర్చుని నన్ను ఒక్కో ప్రశ్నా అడిగింది. ఎంత తీస్తారు? రెండు చెంచాలు. అమ్ముకుంటారా? లేదు. మా జబ్బులేటో సెప్తారా? లేదమ్మా, ఇది జబ్బులు చెప్పే పరీక్ష కాదు, మీలాంటి పనిచేసేవాళ్ళ రక్తంలో కణాలు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి.

"ఎన్నిపాల్లు తీస్తారు?"

"ఒక్కసారే. మళ్ళీ మీ జోలికి రాను," అన్నాను.

ఆ మాటకి ఆవిడ లేచింది. "ఇన్నారా? ఒక్కపాలే అంటంది," అని అందరికీ చెప్పింది. ముందు తనే చెయ్యి చాపింది. తర్వాత కొడుకు సూరి. ఇరవై అయిదేళ్ళవాడు, కొత్తగా పెళ్ళైంది, సూదంటే మొహం తిప్పేసుకుంటున్నాడు. "నువ్వియ్యకపోతే మిగతావోలు ఎలగిస్తారు?" అని వాడి చొక్కా చెయ్యి తనే పైకి మడిచింది. ఇంకో నలుగురు వచ్చారు. ఎండ చేసిన చేతుల్లో నరం దొరకడం కష్టం, ఒకామెకి రెండుసార్లు గుచ్చాల్సొచ్చింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నాకే చెమటలు పట్టాయి.

గొట్టాలు పెట్టెలో సర్ది దండాసి చేతికిచ్చాను. "ఎండ తగలకూడదు దండాసీ. వేడెక్కితే అంతా పోతుంది. జాగ్రత్త," అని పొద్దుటినుంచీ చెబుతున్నదే మళ్ళీ చెప్పాను. చేతులు కడుక్కుని, అందరి చేతులమీదా దూది ఒకసారి చూసుకుని, ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

ఛత్రపురంలో టీ

టీకి ఆగినప్పుడు నాకు ఊరుకోబుద్ధి కాలేదు. వెనక తలుపు తీసి పెట్టెమీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. ఉత్త పెట్టెకి ఇంత చలి ఎక్కడిదని మూత తీశాను. లోపల నిండా ఐసు. పొడిచేసిన ఐసులో నా గొట్టాలు మెడలదాకా కూరుకుపోయి ఉన్నాయి.

"రంభ ఎల్లి పొద్దున్నే తెచ్చినాను మేడమ్," అన్నాడు దండాసి వెనకనుంచి, మురిసిపోతూ. "మీరు సెప్పినట్టే, ఏడి తగలనివ్వనేదు. పెద్ద రొయ్యిలక్కూడా ఇంత మంచి ఐసు ఎయ్యం."

నా నోటివెంట వచ్చిన మాటలు ఇక్కడ రాయదగినవి కావు. టీకొట్టు దగ్గరివాళ్ళు లేచి నిలబడి చూశారు. దండాసి తల దించుకుని ఐసంతా రోడ్డుపక్కన పారబోశాడు, గొట్టాలు ఒక్కొక్కటే తన చొక్కాతో తుడిచాడు. గడ్డకట్టించడం కణాల్ని వేరుచేశాక చేసే పని, వేరుచేసేదాకా వాటికి చలి తగలకూడదు, రెండూ ఒకటి కావు అని నేను అరుస్తుంటే వింటూ నిలబడ్డాడు. అంకులి పొలిమేర దగ్గరికొచ్చాక మెల్లిగా అన్నాడు:

"రొయ్యిలు సచ్చిపోనాకే మేడమ్ ఐసెయ్యడం. ఇవి బతికున్నాయని నాకెవులు సెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. వేడి, వేడి అని వందసార్లు అన్నాను తప్ప ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. దానికి తోడు మొదటిరోజే పొగలు కక్కే డ్రమ్ము చూపించాను. అయినా యంత్రంలో తిప్పి చూశాం. మీగడ పొర కట్టలేదు. మధ్యలో ఎర్రగా, మసగ్గా, కలిసిపోయి కనిపించింది. ఆరు గొట్టాలూ అంతే. ఈ కణాల్లో ఏ జన్యువు పనిచేస్తోందని చూస్తే హుమ్మ ఎండ కనబడదు, రంభ ఐసు కనబడుతుంది.

కామేశ్వరిగారు తలుపు దగ్గరగా వేశారు. "వాళ్ళని మళ్ళీ కదపకు. నా క్లాసులో పిల్లలున్నారు, రేపు పొద్దున్న ఆరుగురిని కూర్చోబెడతాను. గంజాం జిల్లావాళ్ళే కదా," అన్నారు. నాకు ఎంత ఆశ పుట్టిందో దాచను. కానీ కాలేజీ పిల్లలు మా దగ్గర ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు. లేనివాళ్ళే హుమ్మవాళ్ళు. అడగడమా మానడమా అన్నది తర్వాత. వాళ్ళిచ్చింది పాడైందని చెప్పకుండా రైలెక్కితే నాకు నిద్ర పట్టదు. మళ్ళీ రానని మాటిచ్చింది నేనే. ఆ మాట తప్పడానికి వెళ్ళాలి. అన్నం సహించలేదు.

మళ్ళీ హుమ్మ

మర్నాడు పొద్దున్న దండాసి చెప్పిన వేళకంటే ముందే వచ్చి వ్యాను తుడుస్తున్నాడు. గంజాం దాటాక, తిట్టినందుకు ఏమీ అనుకోవద్దన్నాను. "ఒగ్గీయండి మేడమ్. రొయ్యిల సావుకారు ఇంతకన్నా పెద్ద తిట్లు తిడతాడు," అన్నాడు.

మళ్ళలోకి దిగే బాట దగ్గర వ్యాను ఆగింది. కర్రపారలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. నిన్న నవ్వుతూ చేతులూపినవాళ్ళు ఇవాళ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. సూరి పార వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు. నీలమ్మ ఒక్కతే గట్టుమీదనుంచి గబగబా వచ్చింది. ఉప్పు అంటుకున్న చేతులు కొంగుకి తుడుచుకుంటోంది, తుడుచుకుంటూనే ఉంది. నా ముందుకొచ్చి ఆగి, మెల్లిగా అడిగింది.

"ఎవులికి?"

నాకర్థం కాలేదు. "ఏమిటమ్మా?" అన్నాను.

"ఎవులికి తల్లీ? సెప్పీ. నాకైతే పరవానేదు. మా గుంటడికి గాదు కదా?"

అప్పుడు చెప్పింది. ఆరేళ్ళ కిందట ఎవరో వైద్య శిబిరమని వచ్చి అందరి దగ్గరా రక్తం తీసుకెళ్ళారట. ఎవరి ఇంటికీ తిరిగి రాలేదు. ఒక్క నీలమ్మ ఇంటికే వచ్చారు. కిడ్నీలు పోయాయని ఆవిడ భర్తకి చెప్పి వెళ్ళారు. దసరాకి ఆయన లేడు.

"రగతం అట్టుకెల్లినోలు రెండోపాలి ఒచ్చినారంటే మాకు అదే తెల్సు. నువ్వు ఒక్కపాలే అన్నావని ఆడి సెయ్యి నానే మడిసినాను. సెప్పీ తల్లీ."

మాట తప్పుతున్నానని దారంతా నా గురించే దిగులు పడ్డాను. ఈ వ్యాను చూస్తే వాళ్ళకి ఏమనిపిస్తుందో నాకు తట్టనే లేదు. "ఎవరికీ ఏమీ లేదమ్మా! అందరూ బాగున్నారు! తప్పు మాది!" అని దాదాపు అరిచాను. రక్తం ఐసులో పెట్టామని, కణాలు పాడైపోయాయని, అది చెప్పడానికే వచ్చానని చెప్పాను. నా తెలుగు అర్థం కాలేదేమోనన్న భయంతో మళ్ళీ చెప్పాను. దండాసి ముందుకొచ్చి, నీలమ్మని అక్క వరస కలిపి, తన యాసలో చెప్పాడు.

"నానే అప్పా. రొయ్యిలనుకోని ఐసేసీసినాను."

వెనకనుంచి ఎవరో ఫక్కున నవ్వారు. నీలమ్మ నవ్వలేదు. గట్టుమీద చతికిలబడిపోయింది, మొహం రెండు చేతుల్లో దాచుకుంది. ఉప్పుచేతులు, కళ్ళు మండి ఉంటాయి. సూరి పరిగెత్తుకొచ్చి కుండలోంచి నీళ్ళు తెచ్చి మొహం కడిగాడు. తేరుకున్నాక ఆవిడ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. "సంపీసినావు కదే! రోడ్డుమీదినుంచే ఓ కేకెయ్యనేకపోనావా? ఏటీ నేదర్రా అని ఒక్క కేక!" అంది. నిన్నంతా మర్యాదగా మాట్లాడిన మనిషి ఇవాళ నన్ను సొంత కూతుర్ని తిట్టినట్టు తిట్టింది. నాకు ఏడుపొచ్చేసింది. ఏడ్చాను కూడా.

"మళ్ళీ ఇమ్మని అడగడానికి నాకు మొహం లేదు," అన్నాను. నిజానికి సామానంతా వ్యానులోనే ఉంది. గొట్టాలు, సూదులు, దూది, అన్నీ లెక్కగా తెచ్చుకున్నాను. దండాసి వ్యాను వైపు చూశాడు. నీలమ్మ అతని చూపు పట్టుకుంది.

"మొకం నేదంటంది, సామాను మాత్రం ఏసుకొచ్చినాది," అంది అందరితో.

ఇద్దరు మేమివ్వం అనేశారు. వాళ్ళని నేను పల్లెత్తు మాట అనలేదు. నరం దొరక్క రెండు పోట్లు పడ్డ ఆమె మాత్రం తనంతట తనే చాపమీదికొచ్చి కూర్చుంది. సూరి చొక్కా చెయ్యి తనే మడుచుకున్నాడు. ఆఖరికి నీలమ్మ వచ్చింది. ఏడ్చిన మనిషి రక్తం వెంటనే తీయకూడదు, దిగులు కూడా కణాల్ని మారుస్తుంది. ఆ మాటే చెప్పి కాసేపు పాక నీడలో కూర్చోమన్నాను. కూర్చుంది. దండాసి ఖాళీ పెట్టె తన ఒళ్ళో పెట్టుకుని, లోపల తడి లేకుండా గుడ్డతో తుడుస్తూ పక్కన చేరాడు. కాసేపటికి ఆవిడ చెయ్యి చాపింది. నరం కోసం నేను వేలితో తడుముతుంటే అంది.

"పనంతా అయిపోనాక ఇంకోపాలి రా తల్లీ. సెప్పడానికి ఏటీ నేకపోయినా రా. రగతం అట్టుకెల్లినోలు ఉత్తినే మనుసుల్ని సూసి ఎల్లడానికొచ్చినారని మా గుంటలు ఒక్కపాలి సూడాలి."

"వస్తానమ్మా," అన్నాను. కళ్ళలో నీళ్ళు నిండాయి. సూది పట్టుకున్న చేత్తోనే తుడుచుకోబోయాను.

నీలమ్మ రెండో చేత్తో నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "తరవాత ఏడుద్దువు గానీ," అంది. "ముందు సూది సూడు."